ముస్తఫా నాది!



తారీఖ్ అనగానే నవాబులు, కిలాలు, ఫర్మానులు ఉంటాయనుకుని వచ్చినవాళ్లు ఈసారి కాస్త సబర్ చెయ్యాలి. ఈ మజ్మూన్ వీడియో గేముల కిర్దార్ల మీద. నవ్వకండి. మన ఇళ్లల్లో పిల్లలకు హాతిమ్ తాయి తెలీదు, అమీర్ హమ్జా తెలీదు. మారియో తెలుసు, క్రాటోస్ తెలుసు. వాళ్ల దిమాగ్‌లో కాపురం పెట్టిన ఈ మనుషులు ఎవరు, ఎక్కణ్ణుంచి వచ్చారు, వాళ్లలో మనవాళ్లు ఏ వేషంలో ఉన్నారు అని వెతకడం కూడా తారీఖే అని నా ఖయాల్.

మా ప్రగతి నగర్ గురించి తెలిసినవాళ్లకు తెలుసు. జేఎన్‌టీయూ దగ్గర మెట్రో దిగి, నిజాంపేట వైపు మళ్లి, అంబీర్ చెరువు చేరేలోపు ఎన్ని అపార్ట్‌మెంట్లో లెక్కపెట్టలేం. సగం ఫ్లాట్లలో ఎవరో ఒకరు పొద్దున్నే హైటెక్ సిటీకో గచ్చిబౌలికో బయల్దేరతారు. సాయంత్రం సెల్లార్‌లో ఆ ఇళ్ల పిల్లలంతా చేరతారు. పోయిన సెలవుల్లో వాళ్ల మధ్య పెద్ద బహస్ నడిచింది. దునియాలో అన్ని గేముల్లోకీ సబ్‌సే మష్హూర్ కిర్దార్ ఎవరు? ఒకడు మారియో అన్నాడు. ఇంకొకడు మాస్టర్ చీఫ్. పై అంతస్తు అమ్మాయి లారా క్రాఫ్ట్ అని పట్టుబట్టింది. మా అక్క కొడుకు నావైపు తిరిగి, "మామూ, మీ జమానాలో గేములు ఉండేవా? మీరెవరికి ఓటేస్తారు?" అన్నాడు. "ముస్తఫా" అన్నాను. అందరూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. ఒక్కరికీ తెలీదు. వాళ్ల అబ్బాజాన్లను అడగమన్నాను.

మీలో నలభై దాటిన భాయీలు ఈపాటికే నవ్వుకుని ఉంటారు.

ముందు ఆ అమ్మాయి సంగతి. ఆమె పక్షాన దలీల్ గట్టిదే ఉంది. 2024 ఏప్రిల్‌లో బ్రిటన్‌కు చెందిన బాఫ్టా సంస్థ, అంటే సినిమాలకూ గేములకూ ఇనాములిచ్చే అకాడమీ, దాదాపు 4,000 మందిని ఇదే సవాల్ అడిగింది. లారా క్రాఫ్ట్ మొదటి స్థానంలో, మారియో రెండో స్థానంలో వచ్చారు. లారా 1996లో టూంబ్ రైడర్‌తో పుట్టింది. మారియో అంతకు పదిహేనేళ్ల ముందు, 1981లో డాంకీ కాంగ్ అనే గేమ్‌లో వచ్చాడు. అప్పుడతనికి ఆ పేరు కూడా లేదు, జంప్‌మ్యాన్ అనేవారు. వృత్తి వడ్రంగం. తర్వాత ప్లంబర్ అయ్యాడు. ప్యాక్‌మ్యాన్ ఇంకో ఏడాది సీనియర్, 1980.

ఆ ఓటింగ్‌లో తప్పేం లేదు. కానీ "మష్హూర్" అంటే ఎవరి మధ్య మష్హూర్? ఇంట్లో ప్లేస్టేషన్ ఉన్నవాళ్ల మధ్యా? రూపాయి బిళ్ల జేబులో వేసుకుని, చెమట వాసన కొట్టే చీకటి దుకాణంలో నిలబడి ఆడినవాళ్ల ఓటు ఎవరు అడిగారు? హిందుస్తాన్‌లో మా తరానికి గేమ్ అంటే ఆ దుకాణమే. నల్గొండలో మా గలీ చివర ఒకటి ఉండేది. హైదరాబాద్ వచ్చాక చూస్తే ప్రతి బస్తీలోనూ ఒకటి. సైకిల్ రిపేర్ షాపుకీ పాన్ డబ్బాకీ మధ్య ఇరుకు గది, పాత చాదర్ పరదా, లోపల నాలుగు చెక్కపెట్టెలు. ఒక పెట్టె ముందు మాత్రం ఎప్పుడూ మూగి ఉండేవాళ్లు. దాన్ని అందరూ ముస్తఫా గేమ్ అనేవాళ్లు.

దాని అసలు పేరు అది కాదు. క్యాడిలాక్స్ అండ్ డైనోసార్స్. జపాన్‌కు చెందిన క్యాప్‌కామ్ కంపెనీ 1993లో ఆర్కేడ్ మెషిన్ల కోసం చేసింది. దానికి మూలం మార్క్ షుల్జ్ అనే అమెరికన్ చిత్రకారుడు 1980ల్లో మొదలుపెట్టిన జెనోజోయిక్ టేల్స్ అనే కామిక్. కథ ఇది: భూమ్మీద పెద్ద ఖయామత్ లాంటిది వచ్చి మనుషులు నేల అడుగున తలదాచుకుంటారు. వందల ఏళ్ల తర్వాత పైకి వస్తే, 26వ శతాబ్దంలో, భూమంతా డైనోసార్లు తిరుగుతుంటాయి. పాత క్యాడిలాక్ కార్లను బాగు చేసి నడుపుకునే జాక్ టెన్రెక్ అనే మెకానిక్ అందులో హీరో. అదే ఏడాది అమెరికాలో సీబీఎస్ టీవీలో కార్టూన్ కూడా వచ్చింది, ఎక్కువ కాలం నిలవలేదు.

గేమ్‌లో నలుగురు. జాక్ అన్నింట్లో సమానం. హన్నా డండీ తెలివైన ఆడమనిషి. మెస్ ఓబ్రాడోవిచ్ కొండలాంటివాడు, దెబ్బ బలంగా పడుతుంది కానీ కదలడు. నాలుగోవాడు ముస్తఫా కైరో. పసుపు టోపీ, నల్లని మొహం. అందరికన్నా వేగం అతనిదే. పరిగెత్తుకుంటూ వచ్చి గాల్లో తన్నితే వరుసగా నలుగురు పడేవాళ్లు. ఒకేసారి ముగ్గురు ఆడే వీలుండేది, ఎనిమిది స్టేజీలు. ఒక్క రూపాయితో ఎంత దూరం వెళ్లగలం అన్నదే అసలు సవాల్. ఆ లెక్కలో వేగం ఉన్నవాడే ఎక్కువ దూరం వెళ్తాడు. అందుకే బిళ్ల వెయ్యక ముందే కేక: "ముస్తఫా నాది!"

కంపెనీ హీరో అనుకున్నది జాక్‌ని. పోస్టర్ మీద, కథలో, కారు స్టీరింగ్ దగ్గర, అంతటా జాకే. ఇక్కడి పిల్లలు అది మానలేదు. ఏ ఇశ్తిహార్ లేకుండా, ఎవరూ చెప్పకుండా నాలుగో కిర్దార్‌ని తీసి గేమ్‌కే అతని పేరు పెట్టేశారు. హిందుస్తాన్ అంతా, సరిహద్దు అవతల పాకిస్తాన్‌లో కూడా ఇదే జరిగింది. పక్కవాడి పేరు ముద్దుపేరుగా పడ్డ గేములు ఇంకా ఉండొచ్చు గానీ, ఇంత పెద్ద మైదానంలో కంపెనీ పెట్టిన పేరునే జనం తుడిచేసిన మిసాల్ నాకింకొకటి కనపడలేదు. బాఫ్టా వాళ్లు లెక్కపెట్టిన 4,000 ఓట్ల పక్కన ఈ ఓటింగ్‌ని కూడా పెట్టి చూడమంటాను.

ఇంకో మాట. జాక్ మెకానిక్, ముస్తఫా ఇంజనీరు. మారియో ప్లంబర్. మన ఊళ్లల్లో స్కూటర్ షెడ్డు, వెల్డింగ్ షాపు, పంపు రిపేరు ఎవరి చేతుల్లో ఉంటాయో వేరే చెప్పాలా? చేతులకు గ్రీజు అంటిన మనిషి హీరో కావడం అమెరికా వాడికి కొత్తేమో. మా గలీ పిల్లలకు మాత్రం తెల్లారి లేస్తే కనిపించే చాచా అతను.

ఇప్పుడు ఆ పేరు దగ్గరికి వస్తాను. ముస్తఫా అంటే ఎంచుకోబడినవాడు. హుజూర్ సల్లల్లాహు అలైహి వసల్లం గారి లఖబ్. మన ఇళ్లల్లో ఆ పేరు పలికేటప్పుడు గొంతు కాస్త తగ్గుతుంది. గేమ్ దుకాణంలోనేమో "ముస్తఫా మర్ గయా రే!" అని అరుపులు. మా ఉర్దూ మీడియం బడిలో దీనియాత్ చెప్పే ఉస్తాద్ ఒకరోజు అస్ర్ తర్వాత ఆ దారిన పోతూ ఈ అరుపు విని ఆగిపోయారు. లోపలికి రాలేదు. మర్నాడు క్లాసులో కోప్పడలేదు కూడా. "ఆ పేరుతో మర్ గయా అనకండి బేటా, నాకు తక్లీఫ్ అవుతుంది" అన్నారంతే. ఆ తర్వాత మా గుంపులో "అవుట్" అనేవాళ్లం. తమాషా ఏంటంటే, మాతో ఆడే తెలుగు మీడియం అబ్బాయిలు కూడా అడక్కుండానే "ముస్తఫా అవుట్" అనడం మొదలుపెట్టారు. జాక్ మాత్రం చస్తూనే ఉన్నాడు.

ఆ రోజులేంటో యాద్ చేసుకోండి. 1990 డిసెంబర్‌లో హైదరాబాద్ ఎంత నెత్తురు చూసిందో పెద్దవాళ్లకు తెలుసు. 1992 డిసెంబర్ 6 తర్వాత మా అబ్బా మమ్మల్ని కొన్ని వారాలు మగ్రిబ్ కాకముందే ఇంట్లో ఉండమన్నారు. పేరు అడిగితే చెప్పడానికి ఒక క్షణం తడబడే అలవాటు నాకు అప్పుడే వచ్చింది. బస్సులో పక్క సీటాయన "నీ పేరేం బాబూ" అంటే ఆయన మొహం చూసి జవాబిచ్చేవాణ్ణి. సరిగ్గా ఆ తర్వాతి ఏడాది పుట్టిన గేమ్ మా ఊరు చేరింది. అందులో రెడ్డీలు, గౌడ్లు, కోమట్ల పిల్లలు, మేమూ, అందరం ఒక ముసల్మాన్ పేరు కోసం కొట్లాడుకున్నాం. "ఇందాక నువ్వే ఆడావు, ఈసారి ముస్తఫా నాది" అని ఒక బ్రాహ్మణుల అబ్బాయి నా చొక్కా పట్టుకున్నాడు. దాన్ని కౌమీ ఏకతా అని పెద్ద పేరు పెట్టి చెప్పను. మాకు ఏకతా ఏమీ తెలీదు, ఫ్లయింగ్ కిక్ కావాలి. కానీ ఆ పేరు ఆ గదిలో భయం లేకుండా, సిగ్గు లేకుండా, గట్టిగా పలికింది. నా వరకు అది చిన్న సంగతి కాదు.

1996లో ప్రేమదేశం సినిమా వచ్చింది. రహ్మాన్ సంగీతంలో "ముస్తఫా ముస్తఫా" పాట ప్రతి కాలేజీ ఫేర్‌వెల్‌లో మోగింది. రెండూ కలిసి ఆ పదేళ్లలో తెలుగు కుర్రాళ్లకు ముస్తఫా అంటే దోస్త్ అన్న మానీ వచ్చేసింది.

కైరో అన్న ఇంటిపేరు కూడా ఊరికే పోయేది కాదు. కైరో అంటే అల్ ఖాహిరా, విజయం పొందింది అని మతలబ్. 969లో ఈజిప్టును గెలిచిన ఫాతిమీ ఖలీఫాలు కట్టిన షహర్. వాళ్లు ఇస్మాయీలీ షియాలు. 1094లో గద్దె కోసం తగువొచ్చి, నిజార్ అనే షహజాదా పక్షం వహించినవాళ్లు విడిపోయి నిజారీలయ్యారు. ఇరాన్ కొండల్లో అలమూత్ కోట వాళ్ల అడ్డా, హసన్ బిన్ సబ్బాహ్ వాళ్ల నాయకుడు. ఈ పాత కథ గేముల్లోకి ఎలా వచ్చిందో కాసేపట్లో చెప్తాను. ముందు ఒక వజీర్ సంగతి చూడాలి.

మా స్కూల్ దాటి డిగ్రీకి వచ్చేసరికి కంప్యూటర్ కనిపించింది. కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్‌లో సార్ బయటికి పోగానే పిల్లలు తెరిచేది ఒకే గేమ్, ప్రిన్స్ ఆఫ్ పర్షియా. జోర్డాన్ మెక్నర్ అనే కుర్రాడు దాదాపు ఒంటరిగా చేసి 1989లో విడుదల చేశాడు. తన తమ్ముడు పరిగెత్తుతుంటే, దూకుతుంటే వీడియో తీసి, ఒక్కో ఫ్రేమ్ గీసి ఆ షహజాదాకు నడక నేర్పాడు. అందుకే ఆ బొమ్మ అంత మనిషిలా కదులుతుంది. కథ: సుల్తాన్ యుద్ధానికి పోయాడు, షహజాదీని బంధించారు, విడిపించడానికి అరవై నిమిషాలు. బంధించినవాడు వజీర్ జాఫర్.

ఈ జాఫర్ ఎవరో తెలుసా? బగ్దాద్‌లో ఖలీఫా హారూన్ రషీద్ దగ్గర వజీరుగా ఉన్న జాఫర్ బిన్ యహ్యా బర్మకీ. బర్మకీలది బల్ఖ్, వాళ్ల పూర్వీకులు అక్కడి నౌబహార్ అనే బౌద్ధ ఆలయానికి పెద్దలు. జాఫర్ తండ్రి యహ్యా హిందుస్తాన్ నుంచి వైద్యుల్ని పిలిపించి, సంస్కృత వైద్య గ్రంథాలను అరబీలోకి తెప్పించినవాడు. హారూన్‌కు జాఫర్ జిగ్రీ దోస్త్. అలిఫ్ లైలాలో ఇద్దరూ వేషం మార్చి రాత్రిళ్లు బగ్దాద్ గలీల్లో తిరుగుతారు. అందులో జాఫర్ మంచివాడు, కాస్త భయస్తుడు కూడా. 803లో అదే హారూన్ అతన్ని చంపించాడు. ఎందుకో నేటికీ చరిత్రకారులు తేల్చలేదు.

అట్లాంటి మజ్లూమ్ విలన్ ఎప్పుడయ్యాడు? 1940లో వచ్చిన థీఫ్ ఆఫ్ బగ్దాద్ సినిమాలో. జర్మన్ నటుడు కాన్రాడ్ వైట్ నల్ల దుస్తుల్లో, గుచ్చే చూపుల్తో జాఫర్ అనే దుష్ట మాంత్రికుడు వజీరుగా నటించాడు. అదే సినిమాలో దొంగ పిల్లాడిగా వేసింది మన దక్షిణాది ముసల్మాన్ అబ్బాయి, మైసూరు మావటి కొడుకు సాబూ దస్తగీర్. ఆ సినిమా నుంచి గేమ్‌లోకి, 1992లో డిస్నీ అల్లాదీన్‌లోకి, జాఫర్ అంటే గడ్డం పెంచిన మోసగాడు అయిపోయాడు. పన్నెండు వందల ఏళ్ల కింద బాద్షా చేతిలో చచ్చినవాణ్ణి ఇప్పుడు పిల్లలు రోజూ మళ్లీ చంపుతున్నారు. మనింట్లో జాఫర్ అనే పిల్లాడుంటే బడిలో వాడికి ఏ పేరు పడుతుందో ఆలోచించండి. మష్హూర్ కావడం అన్ని వేళలా నసీబ్ కాదు.

2000 తర్వాత నెట్ కెఫేలు వచ్చాయి. అమీర్‌పేట, దిల్‌సుఖ్‌నగర్ మేడల మీద గంటకింత అని ఇచ్చి కౌంటర్ స్ట్రైక్ ఆడేవాళ్లు. అందులో కిర్దార్లకు పేర్లే లేవు. రెండు పక్షాలు: టెర్రరిస్టులు, వాళ్లను పట్టేవాళ్లు. అందరికీ నచ్చిన మైదానం డస్ట్, ఇసుక రంగు గోడలు, కమాన్లు, ఏదో అరబ్బు ఊరు. ఏకే-47 కొనాలంటే టెర్రరిస్టుల వైపు ఉండాలి. నేను అప్పటికే పత్రికలో చేరాను. ఒక రాత్రి డ్యూటీ తర్వాత తోటి కుర్రాళ్లతో కెఫేకి వెళ్తే, పక్షాలు పంచేవాడు నావైపు చూసి, "భాయ్, మీరు ఎటూ అటే కదా" అని నవ్వాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. పాపం వాడు చెడ్డవాడు కాదు, తర్వాత కూడా దోస్తే. కానీ పదేళ్ల కింద నా పేరు లాంటి పేరు కోసం చొక్కా పట్టుకున్న అబ్బాయి యాద్‌కొచ్చాడు.

గేముల్లో మనవాళ్ల సూరత్ ఆ దశకంలో అట్లాగే ఉంది. 2007లో కాల్ ఆఫ్ డ్యూటీ మోడరన్ వార్‌ఫేర్‌లో ఖాలిద్ అల్ అసద్ అనే పేరు లేని అరబ్బు దేశపు నియంత. కాల్చడానికి గుంపులు గుంపులుగా తలపాగాలు. ఆ గేముల్ని చేసేవాళ్లకు అరబీ అంటే గోడ మీద అలంకారం. 2012లో అదే వరుసలోని ఒక గేమ్‌లో స్నానాలగదిలో వేలాడే పటం మీద హదీసు మాటలున్నాయని ఎవరో గుర్తిస్తే, కంపెనీ ఆ మైదానాన్నే తాత్కాలికంగా తీసేసి సరిచేసింది. అడిగితే సరిచేశారు, అది కూడా చెప్పుకోవాలి.

అదే 2007లో ఇంకో మనిషి వచ్చాడు. అల్తాయిర్ ఇబ్న్ లా అహద్. అసాసిన్స్ క్రీడ్ మొదటి గేమ్ హీరో. తాయిర్ అంటే ఎగిరేది, ఉర్దూలో పక్షిని తాయిర్ అంటాం కదా. లా అహద్ అంటే ఎవరూ కాదు. ఎవరి కొడుకూ కాని పక్షి. 1191, సలాహుద్దీన్ అయ్యూబీ కాలం, దమిష్క్, బైతుల్ ముఖద్దస్, అక్కా షహర్ల మధ్య నడుస్తుంది కథ. గేమ్ మొదలవగానే తెర మీద, దీన్ని వేర్వేరు మతాలు, విశ్వాసాలు గల బృందం తయారుచేసిందని రాసి ఉంటుంది. చేతిలో పుస్తకం కాని వస్తువు మీద అట్లాంటి ముఖద్దిమా చూడటం నాకు అదే మొదలు.

ఇందాక అలమూత్ అన్నాను. అల్తాయిర్ గుంపు ఆ నిజారీల నీడే. సిరియాలో వాళ్ల కోట మస్యాఫ్, గేమ్‌లో కూడా అదే పేరు. గేమ్ చేసినవాళ్లకు ఊపిరి పోసింది వ్లాదిమిర్ బార్టోల్ 1938లో రాసిన అలమూత్ నవల. హషీష్ తాగించి, జన్నత్ చూపించి హత్యలకు పంపేవాళ్లన్న ఖిస్సాను మార్కో పోలో యూరప్ అంతా పాకించాడు. ఆ ఖిస్సాలు ఎట్లా అల్లుకున్నాయో ఫర్హాద్ దఫ్తరీ అనే చరిత్రకారుడు 1994లో ఒక పుస్తకమే రాశాడు. అసలు నిజారీలు ఎక్కడికీ పోలేదు. ఆగా ఖాన్ వాళ్ల ఇమామ్. మన ఇబ్రహీంబాగ్‌లో కుతుబ్‌షాహీ గుంబజ్‌లను 2013 నుంచి ఏళ్ల తరబడి సున్నంతో, రాతితో బాగు చేయించింది ఆగా ఖాన్ ట్రస్టే. పిల్లలు అల్తాయిర్‌తో గుంబజ్‌లు ఎక్కి దూకుతారు. ఆ జమాత్ వాళ్లేమో ఇక్కడ గుంబజ్‌లకు మరమ్మతు చేయించారు. ఆదివారం తీసుకెళ్లి చూపించండి.

తర్వాతి వాళ్ల గురించి తొందరగా. 2016లో అదే వరుసలో హిందుస్తాన్ గేమ్ వచ్చింది, హీరో అర్బాజ్ మీర్, కాశ్మీరీ, కాలం 1841. కథలో కోహినూర్. ఆ వజ్రం కృష్ణ ఒడ్డున కొల్లూరు గనిదని చాలామంది నమ్మకం. రాయి మనది, రాకుమారి లాహోర్ దర్బారుది, గేమ్ చేసింది ఇంగ్లండ్ స్టూడియో. 2020లో మార్వెల్స్ అవెంజర్స్ గేమ్‌లో కథ నడిపింది కమలా ఖాన్, న్యూజెర్సీలో పెరిగిన పాకిస్తానీ ఇంటి పిల్ల. 2023లో అసాసిన్స్ క్రీడ్ మిరాజ్, తొమ్మిదో శతాబ్దపు బగ్దాద్, హీరో బాసిమ్. మా భాంజా ఓటు బాసిమ్‌కి. ముసల్మాన్ కిర్దార్ వస్తే చాలని నేను చప్పట్లు కొట్టను. అర్బాజ్ మీర్ నాకు గుర్తుండడు, బొమ్మ అందంగా ఉంది, మనిషి లేడు. బాసిమ్‌లో మనిషి ఉన్నాడు.

ఇక్కడ మా భాంజాతో నా ఝగడా. వాడంటాడు, "మామూ, గేమ్ కిర్దార్లు మనకెప్పుడూ లేరు, బయటివాళ్లు చేసి పెట్టాలి." లేరా? అమర్ అయ్యార్ ఎవరు మరి?

ఉర్దూ తెలిసిన ఇళ్లల్లో దాదీలు ఉమ్రో అయ్యార్ అంటారు. దాస్తాన్‌-ఎ-అమీర్ హమ్జాలో హమ్జాకు జిగ్రీ దోస్త్, పిసినారి, గూఢచారి, వేషాల రాజు. దుష్మన్ నిద్రపోతే చంపడు, గడ్డం గొరిగి పోతాడు. అతని దగ్గర జంబీల్ అనే సంచి ఉంటుంది. ఏది వేసినా పడుతుంది, ఎంత వేసినా నిండదు, కావలసినప్పుడు తీసుకోవచ్చు. మీ పిల్లాణ్ణి అడగండి, ప్రతి గేమ్‌లో ఇన్వెంటరీ అని ఒకటి ఉంటుంది, అదే ఇది. గలీమ్ అనే కంబళి కప్పుకుంటే ఎవరికీ కనపడడు. జాదూగర్లు కట్టిన మాయలోకం తిలిస్మ్. ఒకటి దాటితే ఇంకొకటి. ఒక్కో తిలిస్మ్‌ను పగలగొట్టే ఉపాయం లౌహ్ అనే పలక మీద రాసి ఉంటుంది. అది దొరక్కపోతే తల బద్దలుకొట్టుకున్నా దారి లేదు. స్టేజీ, చీట్ కోడ్ అనే మాటలు రాకముందే మనకు తిలిస్మ్, లౌహ్ ఉన్నాయి.

ఈ దాస్తాన్‌కు అక్బర్ బాద్షా 1562 ప్రాంతంలో బొమ్మలు వేయించడం మొదలుపెట్టాడు. గుడ్డ మీద దాదాపు 1400 పెద్ద చిత్రాలు, పదిహేనేళ్ల పని. వాటిలో ఇప్పుడు మిగిలినవి కొద్దిగానే, దునియా మ్యూజియంలలో చెల్లాచెదురు. లక్నోలో నవల్ కిశోర్ ప్రెస్ 1883 నుంచి తిలిస్మ్-ఎ-హోష్‌రుబా అచ్చువేసింది. మొత్తం దాస్తాన్ 46 జిల్దులయింది. ముసల్మాన్ల దాస్తాన్‌ను అచ్చులో బతికించినవాడు మున్షీ నవల్ కిశోర్ భార్గవ, అది మర్చిపోవద్దు. దాన్ని నోటితో వినిపించిన దిల్లీ చివరి దాస్తాన్‌గో మీర్ బాకర్ అలీ 1928లో పోయారు.

తెలుగువాళ్లకీ ఈ లోకం కొత్త కాదు. గులేబకావళి కథ 1962లో ఎన్టీఆర్ సినిమా. అది నిహాల్‌చంద్ లాహోరీ 1803లో ఉర్దూలో రాసిన ఖిస్సా. తెలుగు ఎం.ఏ.లో నాతో చదివినవాళ్లకు అది పేదరాశి పెద్దమ్మ కథ అనే తెలుసు. ఎవరూ వేరే మతం కథ అని పక్కన పెట్టలేదు. దాస్తాన్‌కు వీసా అక్కర్లేదు కదా.

ఇప్పుడు హైటెక్ సిటీ వైపు చూడండి. ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ స్టూడియో ఇక్కడుంది. గేమ్ డెవలపర్ల జాతీయ సదస్సు కొన్నేళ్లు మాదాపూర్ హెచ్‌ఐసీసీలో జరిగింది. యానిమేషన్, గేమింగ్ కోసం తెలంగాణ సర్కార్ 2016లో ఇమేజ్ పాలసీ తెచ్చింది. ఛోటా భీమ్‌ను 2008లో దేశమంతా తీసుకెళ్లిన గ్రీన్ గోల్డ్ యానిమేషన్ హైదరాబాద్‌దే. అంటే హునర్ ఉంది, తనఖా ఉంది. కానీ ఇక్కడి కుర్రాళ్లు ఎక్కువగా చేసేది ఇంకెవరి కిర్దార్‌కో బట్టలు కుట్టడం, గోడలకు రంగు వెయ్యడం, తప్పులు వెతకడం. పుణె, ముంబయి స్టూడియోలు ప్రిన్స్ ఆఫ్ పర్షియాను మళ్లీ చేస్తున్నాయని 2020లో ప్రకటించారు. ఆ కథలో నాయిక ఫరా ఒక మహారాజు కూతురు, మన దేశపు పిల్లే. 2022లో ఆ పని కెనడాకు, మాంట్రియల్ స్టూడియోకి మళ్లిపోయింది.

మా ఫ్లాట్ల కుర్రాడొకడు అట్లాంటి కంపెనీలోనే రాళ్లు, చెట్లు, ఇసుక గీస్తాడు. తెలుగబ్బాయి. జంబీల్ గురించి చెప్తే ఫోన్‌లో రాసుకున్నాడు. "అంకుల్, ఆ సంచిలోంచి ఏమేం తీస్తాడో లిస్ట్ ఉందా?" అని అడిగాడు. ఉంది, ఉర్దూలో ఉంది. తిలిస్మ్-ఎ-హోష్‌రుబాకు ముషర్రఫ్ అలీ ఫారూఖీ 2009లో మొదలుపెట్టిన ఇంగ్లిష్ తర్జుమా ఉంది. తెలుగులో మాత్రం పూర్తిగా చెయ్యాల్సి ఉంది. మీ ఇంట్లో దాదీలు, నానీలు అమర్ అయ్యార్ ఖిస్సాలు చెప్పినవాళ్లుంటే, ఫోన్‌లో రికార్డు చేసి నాకు పంపండి. తెలుగులోకి నేను రాస్తాను. ఆ కుర్రాడికి మొదట గలీమ్ కంబళి సంగతి కావాలట, గేమ్‌లో మనిషిని మాయం చెయ్యడం తేలిక అంటున్నాడు.